కేంద్రకం కథ – 11 : కోలగా, చప్పిడిగా, గుండ్రంగా

పిడుగురాళ్ల బట్టీల్లో కాలి సున్నమయ్యే రాయి, మాచర్ల వైపు నుంచి లారీలెక్కి ఎక్కడెక్కడి ఇళ్లలోనో గచ్చుగా పరుచుకునే నాపరాయి, రెండువేల ఏళ్ల నాడు అమరావతి స్తూపానికీ తర్వాత నాగార్జునకొండ ఆరామాలకూ శిల్పులు ఏరి తెచ్చుకున్న తెల్లరాయి, ఇవన్నీ ఒకే కుటుంబం. రసాయన శాస్త్రం దృష్టిలో అన్నీ కాల్షియం కార్బొనేటే. అందులో అయిదు పరమాణువులు తీస్తే ఒకటి కాల్షియం, ఒకటి కార్బన్, మూడు ఆక్సిజన్. ఆ కాల్షియంలో నూటికి తొంభై ఏడు వంతులు కాల్షియం-40. అంటే కేంద్రకంలో 20 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు. ఆక్సిజన్ దాదాపు మొత్తం ఆక్సిజన్-16. అందులో ఎనిమిదీ ఎనిమిదీ. ఈ రెండు కేంద్రకాలూ గుండ్రంగా ఉంటాయి.

అదే మాచర్ల ప్రాంతంలో కొప్పునూరు ఉంది. అణు ఖనిజాల అన్వేషణ విభాగం అక్కడ బోర్లు వేసి, పాత గ్రానైటు మీద పేరుకున్న రాతిపొరల్లో యురేనియం నిక్షేపాన్ని గుర్తించింది. కృష్ణ అవతలి ఒడ్డున నల్లగొండ వైపున్న లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల నిక్షేపాలు దీనికి దాయాదులు. వాటిని తవ్వాలా వద్దా అన్న వాదన పెద్దది, అవసరమైనది. ఈ ధారావాహిక మాత్రం దాని జోలికి పోదు. మనకు కావలసింది ఆ ఖనిజంలోని యురేనియం-238 కేంద్రకం. అది గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. అడ్డం మూడు పాళ్లయితే నిలువు సుమారు నాలుగు పాళ్లు.

ఒకే తాలూకా నేలలో ఒక కేంద్రకం గుండ్రంగా, ఇంకొకటి కోలగా ఎందుకుంది? అసలు వాటి రూపం ఎవరు చూశారు? సెంటీమీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటి రెండు ముక్కలంత ఉంటుంది పెద్ద కేంద్రకం. దాన్ని చూపించే సూక్ష్మదర్శిని లేదు. ఎవరూ చూడని రూపాన్ని కొలిచిన కథే ఈ సంచిక. ఆ కథలో ఒక తెలుగు పేరు పదే పదే వినిపిస్తుంది.

మొదటి అనుమానం 1935లో జర్మనీలో పుట్టింది. షూలర్, ష్మిట్ అనే ఇద్దరు యూరోపియం మూలకం వెదజల్లే వెలుగులోని సన్నని గీతలను కొలిచారు. గీతల మధ్య ఎడం ఉండవలసినంత లేదు. కేంద్రకం గుండ్రంగా లేకపోతేనే ఆ తేడాకు లెక్క కుదురుతుంది. ఆ మాట అప్పట్లో పెద్దగా ఎవరికీ ఎక్కలేదు. కేంద్రకాన్ని నీటిబొట్టుగా ఊహించుకునే రోజులవి. విడిగా ఉన్న బొట్టు గుండ్రంగానే కదా ఉంటుంది! 1949లో మరియా మేయర్, హాన్స్ జెన్సెన్ వేరువేరుగా పొరల నమూనా చెప్పారు. 2, 8, 20, 28, 50, 82, 126 దగ్గర పొరలు నిండుతాయి, నిండినవి గట్టిగా, గుండ్రంగా ఉంటాయి. కాల్షియం-40కి రెండువైపులా 20, ఆక్సిజన్-16కి రెండువైపులా 8. పలనాటి సున్నపురాయి చాలా మటుకు గుండ్రనివాటి పుట్ట కావడానికి కారణం అదే.

పొర సగంలో ఉన్నవాటి సంగతేమిటి? కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒకే గదిలో కూర్చున్న ఇద్దరికి ఆ ప్రశ్న పట్టింది. జేమ్స్ రెయిన్‌వాటర్ 1950లో ఒక మాటన్నాడు. బయటి పొరలో తిరిగే కొద్ది కణాలు లోపలి నిండు భాగాన్ని కూడా తమ వైపు లాగి కోలగా చేస్తాయని. ఆయన గదిలో ఉన్న రెండోవాడు ఆగే బోర్, నీల్స్ బోర్ కొడుకు. ఆయన కోపెన్‌హాగన్ తిరిగి వెళ్లి బెన్ మోటెల్సన్‌తో కలిసి ఆ మాటను పూర్తి సిద్ధాంతంగా నిలబెట్టాడు. ముగ్గురికీ 1975లో నోబెల్ వచ్చింది.

వాళ్ల సిద్ధాంతం నుంచి ఒక కొలబద్ద పుట్టింది. సున్నపు గీత గీసిన బొంగరం తిరుగుతుంటే తెలుస్తుంది. గీత లేని నున్నటి బంతి తిరుగుతుందో ఆగిందో చెప్పలేం. క్వాంటం లోకంలో ఇది ఇంకా కచ్చితం. పూర్తి గుండ్రని కేంద్రకానికి మొత్తంగా తిరగడం అనేదే ఉండదు. కోల కేంద్రకం తిరగగలదు. తిరిగి, మెట్టుమెట్టుగా నెమ్మదిస్తూ, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో గామా కిరణాన్ని వదులుతుంది. యురేనియం-238లో ఆ మెట్లు 45, 148, 307 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉన్నాయి. మొదటి మెట్టుకు రెండోది సుమారు మూడున్నొక మూడోవంతు రెట్లు, మూడోది దాదాపు ఏడు రెట్లు ఉండాలి అంటుంది తిరిగే వస్తువు లెక్క. పోల్చి చూసుకోండి. కాల్షియం-40 మాత్రం మొదటి మెట్టు ఎక్కాలంటే 3,350 దాటాలి. అంకెలు చూడగానే ఏది కోలో, ఏది గుండ్రమో తెలిసిపోతుంది.

గత సంచికల్లో చెప్పుకున్న స్వామి జ్ఞానానంద తరం తమంత తాముగా క్షీణించే కేంద్రకాలను కొలిచింది. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన ఆ సన్యాసి ప్రాగ్‌లోనూ, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గరా పనిచేసి, బీటా కిరణాల వర్ణపటాలు కొలిచి, 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి కేంద్రక భౌతిక శాస్త్రానికి పునాది వేశాడు. విశాఖలో ఆ ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు. ఆ పద్ధతికి ఒక హద్దుంది. క్షీణించే కేంద్రకం కొద్దిపాటి శక్తితోనే మిగులుతుంది. రెండు మూడు మెట్లు కనిపిస్తాయి, అంతే. ఎత్తైన మెట్లు చూడాలంటే కేంద్రకాన్ని వేగంగా తిప్పాలి. దానికి దారి సంలీనం, అంటే రెండు కేంద్రకాలను ఢీకొట్టి ఒకటి చేయడం.

1963లో మొరినాగా, గుగెలోట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో చేసింది అదే. ఆల్ఫా కణాలను లక్ష్యం మీదికి విసిరి, రెండూ కలిసిపోయాక బయటపడే గామా కిరణాలను అక్కడికక్కడే కొలిచారు. తగిలేది నడినెత్తిన కాకుండా పక్కవాటుగా తగిలితే, కలిసిన కేంద్రకం గిర్రున తిరుగుతూ పుడుతుంది. పుట్టడం కూడా మండుతూ పుడుతుంది. ముందు కొన్ని న్యూట్రాన్లో ప్రోటాన్లో ఆవిరైపోతాయి, వేడి తగ్గుతుంది. తిరుగుడు మాత్రం మిగిలి, గామా కిరణాలుగా దిగుతుంది. విసిరేది ఎంత బరువైతే తిరుగుడు అంత ఎక్కువ. అందుకే ఆల్ఫా నుంచి ఆక్సిజన్‌కు, ఆక్సిజన్ నుంచి కాల్షియంకు ప్రయోగశాలలు ఎగబాకాయి.

1986లో ఇంగ్లండులోని డేర్స్‌బరీలో పీటర్ ట్విన్ బృందం కాల్షియం-48 పుంజాన్ని పల్లేడియం-108 మీదికి విసిరింది. రెండూ కలిశాయి, నాలుగు న్యూట్రాన్లు ఆవిరయ్యాయి, మిగిలింది డిస్ప్రోసియం-152. దాని గామా వర్ణపటంలో పందొమ్మిది గీతలు, ఒక్కోదానికీ మధ్య దాదాపు 47 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎడంతో, పేర్చినట్టు నిలబడ్డాయి. నిలువు అడ్డానికి రెండింతలున్న రూపం అది. అంతటి కోలతనం అంతకు ముందు అంత వేగంగా తిరిగే కేంద్రకంలో ఎవరూ పట్టుకోలేదు. కాల్షియం-48 కూడా సున్నపురాయిలో ఉండేదే. వెయ్యి కాల్షియం పరమాణువుల్లో రెండు కూడా ఉండవు, విడదీయడానికి బోలెడు ఖర్చు. డేర్స్‌బరీ కాల్షియం పలనాటిదని ఎవరూ అనుకోనక్కర్లేదు. కానీ పిడుగురాళ్ల రాయిలో అదే వస్తువు, అదే నిష్పత్తిలో ఉంది.

ఇప్పుడు తెలుగు పేరు దగ్గరికి వద్దాం. ఆకునూరి వి. రామయ్య ఇండియానా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. అక్కడ ఆయనకు జోడీ జోసెఫ్ హామిల్టన్. పరిశోధన పత్రాల మీద ఇద్దరి పేర్లూ కొన్ని దశాబ్దాల పాటు జంటగా కనిపిస్తాయి. అదే రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్ల పనికి ఆధారం.

1974లో ఈ జంట తమ సహచరులతో కలిసి సెలీనియం-72 గురించి ఒక పత్రం ప్రకటించింది. సెలీనియంలో 34 ప్రోటాన్లు. పొరల లెక్క ప్రకారం 28కీ 50కీ మధ్య చిక్కుకున్న కేంద్రకం. దాని కింది మెట్లు విచిత్రంగా ఉన్నాయి. 862 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక మెట్టు, దాని నెత్తినే 937 దగ్గర తిరుగుడు బొత్తిగా లేని మరో మెట్టు. కింది భాగం చూస్తే దాదాపు గుండ్రని కేంద్రకం. ఆ పైమెట్లు చూస్తే తిరిగే కోల కేంద్రకం. ఏది నిజం? రెండూ నిజమే అన్నారు వాళ్లు. ఒకే కేంద్రకం, అవే 72 కణాలు, రెండు రూపాలు. కొద్ది శక్తి తేడాతో పక్కపక్కనే కాపురం.

ఈ ఆలోచనకు బీజం మొరినాగాదే. ఆక్సిజన్-16లో ఆరు మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరున్న ఒక స్థితి కోలగా ఉండొచ్చని ఆయన 1956లోనే రాశాడు. అప్పుడది ఒంటరి ఉదాహరణ, తేలిక కేంద్రకాల వింత. సెలీనియం-72తో సంగతి మధ్యస్థ బరువుల్లోకి దిగింది. 1981లో వాండర్‌బిల్ట్, ఓక్‌రిడ్జ్ బృందం క్రిప్టాన్-74, 76లను సంలీనంతో తయారుచేసి కొలిచింది. అవి ఎంత కోలవో చూసి సిద్ధాంతకర్తలు తమ పటాలు మళ్లీ గీసుకోవలసి వచ్చింది. ఆ పత్రం మీదా రామయ్య పేరుంది. మామూలుగా ఇలాంటి పత్రాల్లో డజను పేర్లుంటాయి. ఎవరి వాటా ఎంతో బయటివాళ్లు తూచలేరు. ఒక మనిషి పేరు ఒకే ప్రశ్న చుట్టూ అన్నేళ్లు తిరిగితే, ఆ ప్రశ్న ఆయనదే అనుకోవడం తప్పు కాదని నా అభిప్రాయం.

తర్వాత ఇరవయ్యేళ్లకు వంతు గుండ్రని కాల్షియం-40కే వచ్చింది. 2001లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో నియాన్‌ను సిలికాన్‌తో కలిపి, రెండు ఆల్ఫాలు ఎగిరిపోగా మిగిలిన కాల్షియం-40ని గామాస్ఫియర్ అనే యంత్రంతో గమనించారు. ఇదెగుచి బృందం చేసిన పని. అయిదు మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఒక వరుస కనిపించింది. అది డిస్ప్రోసియంలో దొరికిన జాతిదే, విపరీతమైన కోల రూపం. సున్నపురాయిలో చల్లగా పడి ఉన్నంత కాలం కాల్షియం గుండ్రం. శక్తి ఇస్తే దానిలోంచే మరో రూపం లేస్తుంది. పాఠ్యపుస్తకాలు కాల్షియం-40ని ఇప్పటికీ గుండ్రానికి మచ్చుగానే చూపిస్తాయి. కింది మెట్టు వరకే చెప్పుకుంటే అందులో తప్పు లేదు.

ఇంత సాధించిన సంలీనానికి పుట్టుకతోనే ఒక వంకర ఉంది. దాన్ని పలనాటి కాల్షియంతోనే లెక్కవేసి చూద్దాం. కాల్షియం-40ని నికెల్-58తో కలిపితే 48 ప్రోటాన్లు, 50 న్యూట్రాన్లు. కాడ్మియం-98. మన లోకంలో దొరికే కాడ్మియంలో కనీసం 58 న్యూట్రాన్లుంటాయి. పుట్టిన కేంద్రకానికి ఎనిమిది న్యూట్రాన్లు లోటు. కేంద్రకం బరువెక్కే కొద్దీ ప్రోటాన్ల పరస్పర వికర్షణను తట్టుకోవడానికి న్యూట్రాన్లు ఎక్కువ కావాలి. తేలికవాటిలో సగం సగం ఉంటే చాలు. రెండు తేలికవాటిని కలిపి బరువైనది చేస్తే ఎప్పుడూ న్యూట్రాన్ల కరువే. స్థిరమైన పుంజాలతో ఎన్నేళ్లు ఢీకొట్టినా మనం కేంద్రకాల పటంలో న్యూట్రాన్లు తక్కువున్న పక్కకే పోతాం. న్యూట్రాన్లు నిండుగా ఉన్న రెండో పక్క సంలీనానికి అందదు. ప్రోటాన్ల పక్క కూడా అన్నిచోట్లా అంచు దాకా అందదు.

విసిరే కేంద్రకాన్నే మారిస్తే? ప్రకృతిలో దొరకని, నిమిషాల్లోనో గంటల్లోనో క్షీణించే కేంద్రకాన్ని పుంజంగా చేసి విసిరితే? ఆలోచన పాతదే, పని మహా కష్టం. ఒక యంత్రం ఆ కేంద్రకాన్ని పుట్టించాలి. లక్ష్యంలోంచి దాన్ని వేడితో బయటికి తోలాలి, మిగతా చెత్తలోంచి ఏరాలి, రెండో యంత్రంతో మళ్లీ వేగం ఇవ్వాలి. ఇదంతా అది చచ్చేలోపు జరగాలి. 1989లో బెల్జియంలోని లూవెన్ లా నూవ్‌లో పది నిమిషాల అర్ధాయుష్షున్న నైట్రోజన్-13తో మొదటిసారి అలా చేశారు.

ఓక్‌రిడ్జ్ 1990ల్లో తన పాత సైక్లోట్రాన్‌నూ, పాతిక మిలియన్ వోల్టుల టాండెం యంత్రాన్నీ జతకట్టి రేడియోధార్మిక పుంజాల కేంద్రంగా మార్చుకుంది. ప్రోటాన్లతో యురేనియం కార్బైడును కొడతారు. కోలగా ఉన్న యురేనియం కేంద్రకం రెండుగా చీలుతుంది. ఆ ముక్కల్లో ఒకటి తగరం-132. ప్రోటాన్లు 50, న్యూట్రాన్లు 82, రెండూ నిండు పొరలే. పూర్తి గుండ్రం. నలభై సెకన్ల అర్ధాయుష్షు. దాన్ని పుంజంగా నికెల్-64 మీదికి పంపితే కలిసి ప్లాటినం-196 అవుతుంది. అది స్థిర కేంద్రకమే. న్యూట్రాన్ల లోటు తీరిపోయింది. 2003లో లియాంగ్ బృందం ఈ ప్రయోగ ఫలితం ప్రకటించినప్పుడు మరో సంచలనం కూడా ఉంది. వికర్షణ గోడ కన్నా తక్కువ శక్తిలో కూడా సంలీనం అనుకున్నదాని కంటే చాలా ఎక్కువగా జరుగుతోందని. నాలుగేళ్ల తర్వాత అదే బృందం చీలికలను కూడా కలిపి కొలిచి, కేంద్రకం పరిమాణం పెరిగినందుకు సరిచేస్తే అదనపు వింత ఏమీ మిగలదని తేల్చింది. తన వార్తను తానే చల్లార్చిన పత్రం అది. ఇలాంటివి పత్రికల్లో రావు.

పుంజం బలం దగ్గరే ఇబ్బందంతా. స్థిర పుంజంలో సెకనుకు వెయ్యి కోట్లకు పైగా కణాలు మామూలే. ఓక్‌రిడ్జ్ తగరం వేల లెక్కలో వచ్చింది. గామా వరుసలు చదవడానికి ఆ రద్దీ చాలదు. పైగా పుంజం తానే క్షీణిస్తూ గామా కిరణాలు వెదజల్లుతుంటుంది. కావలసిన గీతలు ఆ రొదలో మునిగిపోతాయి. ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో గానిల్ ప్రయోగశాల దీనికి ఒక ఉపాయం పన్నింది. 2001లో మొదలైన స్పైరల్ యంత్రంలో క్రిప్టాన్-78ని ముక్కలు చేసి, వాటిలోంచి క్రిప్టాన్-76ని ఏరి పుంజం చేశారు. దాని అర్ధాయుష్షు దాదాపు పదిహేను గంటలు, అందుకే చేతికి బాగా చిక్కింది. రామయ్య బృందం ఇరవై ఏళ్ల క్రితం లక్ష్యంలో పుట్టించి కొలిచిన ఆ కేంద్రకమే ఇప్పుడు విసిరే రాయి అయింది.

దాన్ని నికెల్-58 మీదికి పంపారు. కలిస్తే 64 ప్రోటాన్ల గడోలినియం-134. కొన్ని ప్రోటాన్లు ఆవిరైతే మిగిలేవి సమేరియం, ప్రొమీథియం, నియోడిమియంల అంచు ఐసోటోపులు. బాగా కోలవి అని లెక్కలు చెప్పే ప్రాంతం అది. ఎక్సోగామ్ అనే జెర్మేనియం గామా శోధకాల వలయం గీతలు పట్టింది. చుట్టూ మరో పరికరం ఆవిరైన ప్రోటాన్లను లెక్కపెట్టింది. ప్రోటాన్లు వచ్చిన క్షణంలో పట్టుబడిన గామాలనే ఉంచుకుని మిగతావి పారేస్తే, పుంజం రొద చాలా మటుకు పోతుంది. స్థిర పుంజాలతో ఇంతకు ముందే తెలిసిన గీతలు మళ్లీ కనిపించడం మొదటి విజయం. కొత్తవి కాకపోయినా, దారి పనిచేస్తుందని తేలింది.

అదే గానిల్‌లో క్రిప్టాన్ పుంజాన్ని సీసం మీదుగా, కలవకుండా, పక్కనుంచి పోనిచ్చిన ప్రయోగం ఇంకా స్పష్టమైన జవాబిచ్చింది. క్లెమాన్, గోర్గెన్ తదితరులు 2007లో ప్రకటించారు. క్రిప్టాన్-74, 76లలో అడుగు స్థితి కోల. దాని పైన కొద్ది దూరంలోనే చప్పిడి రూపం, పైనా కిందా నొక్కినట్టు. రెండూ ఒకదానిలో ఒకటి కొంత కలగలిసి ఉన్నాయి. గీతల వరుస చూసి రూపాన్ని ఊహించడం వేరు, కోలో చప్పిడో గుర్తును సూటిగా కొలవడం వేరు. రెండోది రేడియోధార్మిక పుంజం లేకుండా ఈ కేంద్రకాల్లో సాధ్యం కాదు. 1974 నాటి సెలీనియం వాదనకు పక్కింటి నుంచి వచ్చిన సాక్ష్యం ఇది.

మన దేశంలో ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాల యంత్రాల చుట్టూ ఒకే గామా శోధకాల వ్యవస్థ వంతులవారీగా తిరుగుతుంది. స్థిర పుంజాలతో సంలీనం, గామా లెక్క దాని పని. ఢిల్లీలో బెరీలియం-7 పుంజాన్ని 1990లలోనే చేశారు, అది తేలిక కేంద్రకాల పనికి. కోల్‌కతాలో రేడియోధార్మిక పుంజాల కోసం చిన్న యంత్రం కట్టారు. బరువైన రేడియోధార్మిక పుంజంతో సంలీనం చేయాలంటే మనవాళ్లు ఇంకా విమానం ఎక్కవలసిందే. ఓక్‌రిడ్జ్ పుంజాల కేంద్రం కూడా 2012లో మూతపడింది. 2022లో మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద కేంద్రం తెరుచుకుంది. 

రామయ్య పేరు మరో చోట కూడా కనిపిస్తుంది. 2010 ఏప్రిల్‌లో 117వ మూలకాన్ని ప్రకటించిన పత్రం మీద. ఓక్‌రిడ్జ్‌లో 22 మిల్లీగ్రాముల బెర్కీలియం వండి, రష్యాలోని దుబ్నాకు పంపి, అక్కడ దాని మీదికి కాల్షియం-48 పుంజాన్ని వదిలారు. ఆ మూలకానికి 2016లో టెనెసీ పేరు మీదుగా టెనెసిన్ అని పేరు పెట్టారు. సంలీనం రూపాలు వెతకడం మాని మూలకాలు పుట్టించడానికి దిగిన ఆ కథ వచ్చే సంచికలో.